పోలయ్య దిమ్మలో చివరి రెండు పొరలు

నేను ఒక మైనపు దిమ్మను. మైనం అనగానే కొవ్వొత్తి గుర్తొచ్చి జాలిపడకండి. కొవ్వొత్తిని వెలిగిస్తారు, నన్ను కోస్తారు. ముప్పై అయిదేళ్ళుగా కోస్తూనే ఉన్నారు, నేను అరుగుతూనే ఉన్నాను. అయినా ఈ ఆసుపత్రిలో నాకు జరిగినంత మర్యాద సూపరింటెండెంటుగారికి కూడా జరగలేదు. ఆయన్ని మూడేళ్ళకోసారి బదిలీ చేస్తారు. నన్ను కదిపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చూడ్డానికి నాలో ఏమీ లేదు. కింద చిన్న చెక్క ముక్క, దాని మీద మైనం, మైనం కడుపులో బఠాణీ గింజలో సగమంత చర్మం. ఆ చర్మం మల్లాడి పోలయ్యది. పోలయ్య గోదావరి మీద పడవ నడిపేవాడు. ఊరి పేరు, ఆసుపత్రి పేరు మాత్రం అడక్కండి. రేవు దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి, మూడో అంతస్తు, కణజాల పరీక్షల గది. అంతవరకే చెబుతాను.

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది వర్షాకాలంలో పోలయ్య చెవితమ్మెలు లావెక్కి బుడిపెలు కట్టాయి. చెయ్యి మొద్దుబారింది. తెడ్డు వేసీ వేసీ అరచేతిలో బొబ్బలు లేచినా ఆయనకు తెలిసేది కాదు. తెలిసినదల్లా, తన పడవ ఎక్కేవాళ్ళు ఒక్కొక్కరే పక్క పడవలోకి మారిపోతున్నారని. కుష్ఠు అనే మాట ఎవరూ పైకి అనలేదు. గొంతు తగ్గించి 'పెద్దరోగం' అన్నారు. కింద డాక్టరుగారు ఆయన చెవితమ్మె నుంచి చిన్న ముక్క తీసి మందునీళ్ళ సీసాలో వేశారు. ఆ సీసాను అటెండరు మెడ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, చెయ్యి బారెడు దూరం చాచి, మూడు అంతస్తులూ అలాగే ఎక్కాడు. నా ఊరేగింపు అలా మొదలైంది.

నన్ను తయారు చేసింది నూకరత్నం. అప్పటికి ఆవిడకు ఇరవై నాలుగేళ్ళు, టెక్నీషియనుగా చేరి నెల. ముక్కలోని నీరంతా స్పిరిట్లలో ముంచి లాగేసి, కరిగిన మైనంలో నానబెట్టి, ఇత్తడి అచ్చులో పోసి చల్లార్చింది. అలా చేస్తే మెత్తని మాంసం కోతకు గట్టిగా నిలబడుతుంది. తరువాత నన్ను కోత మిషనుకు బిగించి చక్రం తిప్పింది. కత్తి నా మీదుగా వెళ్ళిన ప్రతిసారీ ఒక పొర లేచేది. మా పక్క ఊళ్ళో పూతరేకులు చేస్తారే, ఆ రేకు కూడా దీని ముందు దుప్పటే. ఆ పొరను గోరువెచ్చని నీళ్ళ మీద తేలనిచ్చి, గాజు స్లైడు మీదికి ఎత్తి, రంగులు వేస్తారు.

రంగు ఎందుకంటారా? రంగు వెయ్యని పొరలో ఏమీ కనిపించదు. ఎంత పెద్ద జబ్బయినా గాజు మీద నీళ్ళ మరకలాగే ఉంటుంది. అందుకని రోజువారీ పరీక్షకు నీలం, గులాబీ రంగులు వేస్తారు. కణాల గింజలు నీలం తాగుతాయి, మిగతాది గులాబీ అవుతుంది, డాక్టరు ఆ అమరిక చూసి మంచిదో చెడ్డదో పోల్చుకుంటారు. కుష్ఠు క్రిమికి ఈ మర్యాద చాలదు. దాని ఒంటికి మైనపు కోటు ఉంటుంది (మా బంధుత్వం అక్కడ). దానికి చిక్కని ఎర్ర రంగు పట్టించి, ఆ మీదట యాసిడ్‌తో కడుగుతారు. మిగతావన్నీ రంగు వదిలేస్తాయి. కోటు తొడుక్కున్న క్రిమి ఒక్కటే వదలదు. చివర లేత నీలం పూత పూస్తే, నీలం మీద ఎర్రటి పుల్లలు కనిపిస్తాయి.

అయితే కుష్ఠు క్రిమి కోటు మహా సుకుమారం. క్షయ క్రిమిని ఇరవై శాతం యాసిడ్‌లో ముంచినా లెక్కచెయ్యదు. ఇదైతే అయిదు శాతం దాటిందంటే ఉన్న రంగంతా వదిలేసి, ఎరగనట్టు కూర్చుంటుంది. ఆ కోటు చెదరకూడదని స్లైడు మీది మైనం కరిగించే మందులో వేరుశనగ నూనె కలుపుతారు. ఆ నూనె నూకరత్నం ఇంటి నుంచే తెచ్చేది. ఆవిడ వంటలో నూనె తగ్గిందని ఇంట్లో గొడవ కూడా అయిందని విన్నాను.

పోలయ్య పొరలో ఎరుపు కనిపించడం కాదు, జాతరే కనిపించింది. గుంపులు గుంపులుగా పుల్లలు. అప్పటి పెద్ద డాక్టరుగారు మైక్రోస్కోపు నుంచి తలెత్తి, "ఆహా! ఎంత బావుందో!" అన్నారు. ఒక మనిషి బతుకు తలకిందులయ్యే విషయాన్ని చూసి 'ఎంత బావుందో' అనగలిగినవాళ్ళు నాకు ఈ గదిలోనే కనిపించారు. దురుద్దేశం ఏమీ లేదు లెండి. వాళ్ళ ఆనందం వాళ్ళది.

పోలయ్యకు మాత్రలు మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు బుడిపెలు అణిగాయి. మళ్ళీ పడవెక్కాడు. ఒకరోజు మధ్యాహ్నం, తామరాకులో చుట్టిన చేప పట్టుకుని మూడో అంతస్తుకు వచ్చాడు. పొద్దున్నే పడిన పులస. ఆ రోజుల్లో కూడా పులస అంటే మాటలు కాదు. గది గుమ్మం బయటే నిలబడి, "మీ చలవే కదండీ ఇదంతా. తీసుకోండమ్మా," అన్నాడు.

గదిలో అయిదుగురున్నారు. ఒకాయనకు హఠాత్తుగా ఫోను గుర్తొచ్చింది. ఇంకొకాయన స్లైడు మీద దుమ్ము తుడవడంలో మునిగిపోయాడు. మాత్రలు మొదలెట్టాక ఈ జబ్బు అంటదనీ, అసలు తిండి వల్ల రానే రాదనీ పుస్తకంలో చదివి పరీక్ష పాసైనవాళ్ళే అందరూ. చివరికి పోలయ్య కళ్ళు నూకరత్నం మీద పడ్డాయి.

"మేం నీసు తినమండీ," అంది.

బల్ల మీద ఆవిడ కేరేజీ మూత తీసి ఉంది. అందులో ఎండుచేపల పులుసు. గదంతా దాని వాసనే. పోలయ్య ఆ కేరేజీ వైపు చూశాడు, నూకరత్నం వైపు చూశాడు. "పోన్లెండమ్మా," అని తామరాకు మళ్ళీ చుట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆయన్ని నేను చూడలేదు. నూకరత్నం ఆ రోజు అన్నం తినలేదు. ఆ సంగతి నాకూ ఆవిడకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. పోలయ్యలో అంత జాతర ఉంది కాబట్టి నన్ను అటక మీద పడెయ్యకుండా 'కంట్రోలు'గా నియమించారు. అంటే పరీక్షకే పరీక్ష అన్నమాట. కొత్త రోగి చర్మం వచ్చినప్పుడల్లా, ఒకే స్లైడు మీద ఒక చివర రోగి పొర, మరో చివర నా పొర పెడతారు. ఇద్దరికీ అదే రంగు, అదే యాసిడ్. నాలో క్రిములున్నాయని లోకానికంతా తెలుసు. నాలో ఎర్రగా కనిపించి రోగిలో కనిపించకపోతే, రోగిలో లేవని నమ్మొచ్చు. నాలోనే కనిపించలేదనుకోండి, అప్పుడు తప్పు రంగు వేసినవాళ్ళది. డాక్టరు ముందు నా వైపు చూసి, తరువాతే రోగి వైపు చూడాలి. అది ఈ గదిలో ఆచారం.

పోలయ్యను ముట్టుకోవడానికి జంకినవాళ్ళంతా ఆయన చర్మం కోసం క్యూ కట్టారు. పక్క జిల్లాల కాలేజీల వాళ్ళు ఉత్తరాలు రాసి, "మీ కంట్రోలు పొరలు ఓ నాలుగు పంపండి" అని బతిమాలేవారు. నన్ను దూదిలో చుట్టి డబ్బాలో పెట్టేవారు. ఏటా దసరాకి ఆయుధపూజ రోజున కోత మిషనుతో పాటు నా చెక్కకూ పసుపు రాసి బొట్టు పెట్టేవారు. పోలయ్యకు ఆ ముప్పై అయిదేళ్ళలో ఎవరైనా బొట్టు పెట్టి పిలిచారో లేదో నాకు తెలియదు.

అరిగి అరిగి నేను అట్ట ముక్కంత అయ్యాను. నూకరత్నం జుట్టు తెల్లబడింది, షుగరు వచ్చింది, మందుల డబ్బా టీ గ్లాసు పక్కకు చేరింది, రిటైర్మెంటుకు కొన్ని నెలలే మిగిలాయి. కొత్తగా డాక్టర్ ప్రణతి వచ్చింది. ముప్పై రెండేళ్ళ పిల్ల, తెలివైంది, చకచకా పని చేస్తుంది. ఆవిడా నూకరత్నమూ కూర్చుని, ఇకపై నన్ను ప్రతి స్లైడుకూ కాకుండా పదిహేను రోజులకోసారి వాడి పొదుపు చేద్దామని తీర్మానించుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకు పరమానందం కలిగింది. చావు వాయిదా పడితే ఎవరికి చేదు? నేను లేకుండా పరీక్ష ఎలా నమ్ముతారన్న ఆలోచన ఆ క్షణంలో నాకూ రాలేదు.

అదే రోజుల్లో కింద అంతస్తులో క్షయ రోగుల కళ్ళె పరీక్ష గది మూసేశారు. ఆ పనికి మిషను వచ్చింది. అక్కడ ఇరవై ఏళ్ళుగా పనిచేసిన ఈశ్వరరావును పైకి మా గదికి వేసి, స్లైడులకు రంగులు వేసే పని అప్పగించారు. ఆయన తన కుర్చీ, తన గుడ్డ సంచి, తన సీసాలు అన్నీ మోసుకుని వచ్చాడు. ఆ సీసాల్లో క్షయ పరీక్షకు వాడే ఇరవై శాతం యాసిడ్ కూడా ఉంది. ఇక్కడ దాని అవసరం లేదు. కానీ స్టాకు పుస్తకంలో ఉన్న వస్తువును పారబొయ్యడానికి పై నుంచి కాగితం రావాలట. కాగితం వచ్చేదాకా అది మా అలమారలో, మా అయిదు శాతం సీసా పక్కనే కూర్చుంది. రెండూ గోధుమరంగు సీసాలే, రెంటికీ నూకరత్నం చేతిరాతతో (వచ్చినదాని పాత లేబులు ఆవిడే మార్చింది) తెల్ల లేబులే, లేబులు మధ్యలో అంకె.

దసరా వచ్చింది. ఆయుధపూజకు గదంతా కడిగారు. సీసాలన్నీ దింపి, తుడిచి, మళ్ళీ సర్దారు. నూకరత్నం తడి పసుపు గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని ఒక్కొక్క వస్తువుకూ బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. ఇదే ఆవిడకు చివరి దసరా ఈ గదిలో. అందుకని ఆ ఏడు చెయ్యి కాస్త ధారాళంగా ఆడింది. కోత మిషనుకు పెట్టింది, మైక్రోస్కోపుకు పెట్టింది, నాకు పెట్టింది, సీసాలకూ పెట్టింది. సీసాకు నుదురంటే ఎక్కడ? లేబులు మధ్యలోనే కదా! దండం పెట్టుకుని, శనగలు తిని ఇళ్ళకు వెళ్ళారు.

ఆ మర్నాటి నుంచి తొమ్మిది రోజులపాటు ఈ గదిలో కుష్ఠు రోగమన్నది లేకుండా పోయింది. వచ్చిన ప్రతి చర్మం ముక్కకూ 'క్రిములు లేవు' అని రిపోర్టు. అమ్మవారి మహిమ అనుకున్నారో ఏమో, ఒక్కరికీ అనుమానం రాలేదు. నేను డబ్బాలో దూది కప్పుకుని నిద్రపోతున్నాను.

ఆ తొమ్మిది రోజుల్లో వచ్చినదే సత్యవేణి చర్మం. సత్యవేణికి నలభై లోపు వయసు. పక్క ఊరు, పూతరేకులు చేస్తుంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద పరిచి లాగితే రేకు లేస్తుంది. చేతులకు సెగ తగులుతూనే ఉంటుంది. ఏడాదిగా సత్యవేణి కుడిచేతికి సెగ తెలియడం మానేసింది. ఊళ్ళో ఆడవాళ్ళు, "నీ చెయ్యి తిరిగిపోయిందే, నిప్పుని కూడా లెక్కచెయ్యవు," అని మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు ఆవిడ పొంగిపోయింది. ముంజేతి మీద వెలిసిన మచ్చ ఒకటి ఎంతకీ పోకపోతే ఆసుపత్రికి వచ్చింది. చర్మవ్యాధుల డాక్టరు అనుమానపడి ముక్క తీసి పైకి పంపాడు. అంతవరకు మంచివాడే. పాతకాలం డాక్టర్లయితే ఈ జబ్బులో లావెక్కే మోచేతి వెనక నరాన్ని కూడా తడిమి చూసేవారు. ఈయనకు రిపోర్టు వస్తుందన్న ధీమా ఉండగా మోచేతితో పనేముంది?

రిపోర్టు తీసుకోవడానికి సత్యవేణి మా కిటికీ దగ్గరికి వచ్చింది. నూకరత్నం కాగితం అందించింది.

"ఏం రాశారమ్మగారూ? నాకు చదువు రాదండి."

"పురుగులేం లేవని రాశారు."

"అమ్మయ్య! ఆయ్, నేనన్లేదండీ, సెగకి కందిన మచ్చేనని! ఊరికే భయపెట్టేశారండి బాబూ." కాగితం కళ్ళకద్దుకుంది.

అలా అద్దుకున్నప్పుడు ఆ చెయ్యి నూకరత్నం కళ్ళ ముందుకు వచ్చింది. చిటికెన వేలు, దాని పక్క వేలు పూర్తిగా సాగడం లేదు. చిటికెన వేలి పక్కన రూపాయి బిళ్ళంత బొబ్బ, అప్పుడే పగిలి నీరు కారుతోంది.

"అమ్మాయ్, ఈ బొబ్బ ఎప్పుడు లేచింది?"

"ఏ బొబ్బండీ?"

సత్యవేణి చెయ్యి తిప్పి చూసుకుంది. తన చేతిని కాక ఎవరి చేతినో చూసినట్టు చూసుకుంది. "అయ్యో, చీరకి తడేంటా అనుకుంటన్నానండి పొద్దున్నుంచీ," అని నవ్వింది.

నూకరత్నం నవ్వలేదు. ఆవిడకు తెడ్డు పట్టుకున్న చెయ్యి ఒకటి గుర్తొచ్చిందని నాకు తెలుసు. "ఆ బెంచీ మీద కూర్చో. ఎక్కడికీ ఎళ్ళకు," అని చెప్పి తిన్నగా డాక్టర్ ప్రణతి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మేడమ్, ఈ స్లైడు మళ్ళీ చెయ్యాలి. కంట్రోలు పెట్టి చెయ్యాలి."

"మళ్ళీ ఎందుకండీ? నేను బాగా వెతికాను. ఒక్కటి కూడా లేదు."

"మీరు వెతికారమ్మా. ఉంటే కనిపించేదో లేదో మనకి తెలీదు కదా."

ప్రణతి పెన్ను కింద పెట్టింది. "కంట్రోలు ఇంక రెండు పొరలకి మించి రాదన్నారు మీరే."

"ఆయ్, నేనే అన్నాను. రెండొస్తే రెండూ పెడతాను. దాచుకుని ఏం చేసుకుంటాం? ఆ పిల్ల చెయ్యి పడిపోయాక మ్యూజియంలో పెట్టుకుంటామా?"

డబ్బా మూత తెరుచుకుంది. దూది తీశారు. నా గుండె జారిపోయింది. నాకు గుండె లేదన్న సంగతి ఆ క్షణాన గుర్తు లేదు. ముప్పై అయిదేళ్ళు పరోపకారమే నా వృత్తి అని చెప్పుకున్నదాన్ని, తీరా ఉన్నదంతా ఇచ్చెయ్యాల్సి వచ్చేసరికి వణికిపోయాను. మ్యూజియంలో అద్దాల పెట్టె ఎంత బావుంటుందో కదా అనిపించింది. సిగ్గుచేటే, కానీ దాచడమెందుకు?

నన్ను ఐసు ముక్క మీద పడుకోబెట్టి గట్టిపరిచారు. నూకరత్నం కళ్ళద్దాలు తుడుచుకుని చక్రం తిప్పింది. మొదటి పొర లేచింది. దాన్ని సత్యవేణి పొర పక్కన పెట్టి ఈశ్వరరావుకు ఇచ్చింది. ఆయన శ్రద్ధగా రంగు వేశాడు, శ్రద్ధగా యాసిడ్‌లో ముంచాడు, శ్రద్ధగా నీలం పూశాడు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న చెయ్యి, ఒక్క చుక్క అటూ ఇటూ పోలేదు.

ప్రణతి ముందు నా వైపే చూసింది. చూస్తూ చూస్తూ కుర్చీలో ముందుకు జరిగింది. స్లైడు తీసి, పేరు చూసి, మళ్ళీ పెట్టింది.

"నూకరత్నంగారూ... కంట్రోల్లో కూడా ఏం లేదు. మొత్తం నీలమే."

పోలయ్య జాతర మాయమైంది! ముప్పై అయిదేళ్ళుగా ప్రతి కంటికీ కనిపించిన జాతర. అంటే ఈ తొమ్మిది రోజుల్లో ఈ గది నుంచి వెళ్ళిన ప్రతి 'లేవు' అనే మాటా ఉత్త మాటే.

"రంగు పాడయ్యుంటుంది," అన్నాడు ఈశ్వరరావు. రంగు చూశారు, బాగానే ఉంది. నూనె చూశారు, బాగానే ఉంది. చివరికి నూకరత్నం యాసిడ్ సీసా ఎత్తి వెలుతురులో పట్టుకుంది. లేబులు మధ్యలో నిండుగా పసుపు, దాని మీద ఇంత కుంకుమ. బొటనవేలి గోరుతో గీకింది. పసుపు పెళ్ళ ఊడింది. కింద నుంచి ఆవిడ చేతిరాతే బయటికి వచ్చింది. ఇరవై.

ఈశ్వరరావు కూలబడ్డాడు. "ఆ చోట ఎప్పుడూ అయిదుదే ఉంటదని తీసేశానండీ. చూసుకోవాల్సింది. నా చేతులు ఇరవయ్యేళ్ళూ ఆ సీసాకే అలవాటు, బరువు కూడా తేడా తెలీలేదండి. తప్పు నాది."

"నీదెలా అవుతుందయ్యా, అంకె మీద అంటించింది నేనైతే?" అంది నూకరత్నం. "అందరికీ లేబులు చూసుకోండర్రా, లేబులు చూసుకోండర్రా అని చెప్పి చెప్పి, చివరికి ఆ లేబులుకే బొట్టెట్టాను. అమ్మోరు కూడా నవ్వుకునుంటది."

ఎవరూ ఆవిడను ఓదార్చలేదు. అయిదు శాతం సీసా కోసం అలమారలో వెతికారు. దాని బొట్టూ గీకి, అంకె ప్రణతి చేత కూడా చదివించి, అప్పుడు నా వైపు తిరిగారు. నాలో మిగిలింది ఒక్క పొర. అది చిరిగితే మళ్ళీ లేదు.

నూకరత్నం చక్రం మీద చెయ్యి వేసి, తీసేసి, చీర చెంగుకు తుడుచుకుని, మళ్ళీ వేసింది. "పోలయ్యగారూ, ఈ ఒక్కసారికి," అని చాలా నెమ్మదిగా అంది. నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఆ పేరుతో పిలవడం అదే మొదలు. కత్తి వచ్చింది. నేను బిగబట్టుకోలేదు. ఉన్నదంతా ఇచ్చేశాను.

పొర చిరగలేదు. నీళ్ళ మీద తేలింది, సత్యవేణి మరో పొర పక్కన గాజు ఎక్కింది, ఎరుపు తాగింది, సరైన యాసిడ్‌లో మునిగి లేచింది. ప్రణతి కళ్ళు పెట్టింది. నా చివర ఎర్రగా జాతర! అక్కడి నుంచి స్లైడును అంగుళం పక్కకు జరిపింది. చాలాసేపు వెతికింది. తరువాత లేచి నూకరత్నానికి కుర్చీ ఇచ్చింది. సత్యవేణి పొరలో, ఒక నరం పక్కన, నాలుగే నాలుగు ఎర్రటి పుల్లలు.

ఈసారి ఎవరూ 'ఎంత బావుందో' అనలేదు.

బెంచీ మీద కూర్చున్న సత్యవేణిని లోపలికి పిలిచారు. ప్రణతి తలవంచుకునే చెప్పింది, మొదటి కాగితం తప్పని, తప్పు తమదేనని. జబ్బు పేరు కూడా చెప్పింది. సత్యవేణి తన రెండు చేతులూ చూసుకుంది.

"అంటే... నేను పూతరేకులు చెయ్యకూడదాండీ? ఈ చేతులే కదండీ నాకు."

"చెయ్యొచ్చు. మాత్రలు మొదలుపెడితే ఎవరికీ అంటదు. తిండి వల్ల అసలే రాదు. ఏడాది వేసుకోవాలి, ఆసుపత్రిలోనే ఇస్తారు. కానీ ఆ చేతికి సెగ తెలియదు కదా, గుడ్డ చుట్టుకోకుండా కుండ ముట్టుకోవద్దు. వేళ్ళకి కసరత్తు చెప్తారు, చెయ్యాలి. ఇప్పుడే వచ్చావు కాబట్టి చెయ్యి దక్కుతుంది. ఇంకో ఏడాది ఆగుంటే చెప్పలేకపోయేదాన్ని."

"నిప్పుని లెక్కచెయ్యనని అందరూ మెచ్చుకున్నారండీ," అంది సత్యవేణి. అప్పుడు ఏడ్చింది.

ఆ తొమ్మిది రోజుల స్లైడులన్నీ మళ్ళీ చేశారు. ఇంకో ఇద్దరిలో ఎరుపు బయటపడింది. వాళ్ళ ఊళ్ళకు ఈశ్వరరావు స్వయంగా వెళ్ళి పిలుచుకొచ్చాడు. వాళ్ళలో ఒకరి ముక్క క్రిములతో కిక్కిరిసి ఉంది. ఇప్పుడు కంట్రోలు ఉద్యోగం దానిది. కొత్త దిమ్మ, ప్లాస్టిక్ పెట్టెలో నిగనిగలాడుతూ ఉంటుంది. ఇకపై ప్రతి స్లైడుకూ కంట్రోలు పెట్టాల్సిందేనని ప్రణతి గోడకు కాగితం అంటించింది. ఇరవై శాతం సీసాను పారబోశారు. దానికి కాగితం ఇంకా రాలేదు.

నా పని అయిపోయింది. కడుపులో ఏమీ లేని మైనం, కింద చెక్క. పారెయ్యకుండా నూకరత్నం తన బల్ల మీద, మందుల డబ్బా పక్కన పెట్టుకుంది. అక్కడి నుంచి గదంతా కనిపిస్తుంది.

అక్కడి నుంచే చూశాను, నాలుగు నెలల తరువాత ఒక మధ్యాహ్నం సత్యవేణి రావడం. చేతికి దళసరి గుడ్డ తొడుగు. చిటికెన వేలు చాపి చూపించింది. మూడొంతులు సాగుతోంది. సంచిలోంచి అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. మూత తీస్తే నెయ్యి, యాలకుల వాసన గుప్పుమంది. తెల్లగా, నలగకుండా, ఇరవై పూతరేకులు.

"నేనే చేశానండి. మీ చలవే కదండీ. తీసుకోండి."

ఇలాంటి ఘడియ నాకు పాత పరిచయమే. డాక్టర్ ప్రణతి నవ్వుతూ, "అయ్యో, నేను డైటింగ్‌లో ఉన్నాను," అంది. అవతల బల్ల దగ్గర ఇద్దరు ఒకరి తరువాత ఒకరు, "మాకు షుగరండీ" అన్నారు. వాళ్ళకు షుగరు ఆ నిమిషంలోనే వచ్చింది. ఈశ్వరరావు చెయ్యి సగం దాకా వెళ్ళి, కళ్ళద్దాలు సర్దుకోవడానికి అన్నట్టు వెనక్కి వచ్చింది. స్లైడు మీద నాలుగు పుల్లలను వెతికి పట్టుకోగలిగిన కళ్ళన్నీ ఆ పెట్టెను మాత్రం చూడలేకపోయాయి.

సత్యవేణికి అర్థమైంది. చెయ్యి మెల్లగా మూత మీదికి వెళ్ళింది. "పోన్లెండి," అంది.

ఆ మాట వినగానే నూకరత్నం కుర్చీ చప్పుడు చేస్తూ వెనక్కి జరిగింది. "మూత పెట్టకు," అంది. లేచి వచ్చి ఒక పూతరేకు తీసి నోట్లో పెట్టుకుంది. పొడి చీర మీద రాలినా దులుపుకోలేదు. అది అయ్యాక రెండోది తీసింది. కళ్ళనిండా నీళ్ళు.

"బావుందాండీ?" అంది సత్యవేణి.

"నెయ్యి తగ్గించావేంటే?" అంది నూకరత్నం నోటినిండా పూతరేకుతో.

ఈశ్వరరావు చెయ్యి ఈసారి పెట్టెదాకా వెళ్ళింది. నేను బల్ల మీద నుంచి నూకరత్నం వైపే చూస్తున్నాను. ఆ గదిలో నిజంగా షుగరున్నది ఆవిడ ఒక్కదానికే.